పెద్దయ్యాక ఆటిజం ఎక్కడికి పోతుంది?

సంపాదకుల వారికి,

ఏప్రిల్ 2, ప్రపంచ ఆటిజం అవగాహన దినం నాడు మీ నగర అనుబంధంలో వచ్చిన పూర్తి పేజీ కథనం చదివి పది రోజులు దాటింది. అప్పుడే రాస్తే కోపంలో అనరాని మాటలు అంటానేమోనని ఆగాను. కోపం మాత్రం తగ్గలేదు. పేజీలో నాలుగు ఫొటోలు వేశారు, నాలుగూ పసిపిల్లలవే. వైద్యులు మాట్లాడారు, తల్లిదండ్రులు మాట్లాడారు, జెండా ఊపిన ముఖ్య అతిథి కూడా మాట్లాడారు. ఆటిజం ఉన్న పెద్దవాళ్లు ఒక్కరైనా ఆ పేజీలో కనిపించలేదు. నాకు 38 ఏళ్లు. ఆటిజంతోనే పుట్టాను, ఆటిజంతోనే ఈ నగరంలో ఉద్యోగం చేసుకుంటూ బతుకుతున్నాను.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఆ పెద్ద ఫొటో. అవగాహన ర్యాలీకి ముందు డప్పులు, వెనక సౌండ్ బాక్సులు ఎక్కించిన వ్యాను, మధ్యలో ఏడెనిమిదేళ్ల పిల్లవాడు రెండు చెవులూ గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడు. కింద "ఉత్సాహంగా పాల్గొన్న చిన్నారులు" అని రాశారు. ఆ పిల్లవాడి అవస్థ నాకు తెలుసు. చిన్నప్పుడు పెళ్లిళ్లలో బ్యాండు మేళం మొదలవగానే నేను సామాన్ల గదిలో బియ్యం బస్తాల వెనక దాక్కునేదాన్ని. ఆ శబ్దం చెవి దగ్గర ఆగదు, ఒళ్లంతా పాకుతుంది, ఎదుటివారి మాట అర్థం కాదు, నోట మాట రాదు. మా గురించి అవగాహన కల్పించడానికి మేము భరించలేని దాన్నే ఎంచుకున్నారు. అది నిర్వాహకులకు తట్టలేదు, ఫొటో తీసినవారికి తట్టలేదు, వ్యాఖ్య రాసినవారికీ తట్టలేదు.

మా ఇంట్లో నన్ను నెమ్మదస్తురాలు అనేవారు. బడిలో ఉపాధ్యాయిని "నా కళ్లలోకి చూసి చెప్పు" అని గద్దించేవారు. చూస్తే వచ్చిన పాఠం మరిచిపోయేదాన్ని, చూడకపోతే దెబ్బ పడేది. చివరికి ఎదుటివారి నుదుట బొట్టు పెట్టుకునే చోటు చూడడం అలవాటు చేసుకున్నాను, ఇప్పటికీ అదే చేస్తున్నాను. మగపిల్లవాణ్ణయితే ఎవరికైనా చూపించేవారేమో. ఆడపిల్ల నోరెత్తకుండా మూల కూర్చుంటే అది మంచి పెంపకం కిందే జమ. 31వ ఏట ఒక మానసిక వైద్యురాలు ఇది ఆటిజం అని చెప్పిన రోజున నాకు బాధ కలగలేదు. అన్నేళ్లుగా నన్ను నేను తిట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను.

మీ కథనం మమ్మల్ని "ఆటిజం బాధితులు" అంది, అదీ ఏడుసార్లు. నేను ఒక ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దుతాను కనుక లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. వరద బాధితులు ఉంటారు, అగ్నిప్రమాద బాధితులు ఉంటారు. ఆటిజం మా మీద వచ్చిపడిన ఆపద కాదు, మా మెదడు పుట్టుకతో పనిచేసే తీరు. నేను పడే బాధ వేరే చోట ఉంది. అమీర్‌పేట కూడలిలో ఎర్ర దీపం ముందు ఆగి కూడా హారన్ మోగించేవారి వల్ల ఉంది. మా వీధి చివరి ఫంక్షన్ హాలు వల్ల ఉంది. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నియమాలు చెబుతున్నాయి. రాత్రి పదకొండున్నరకు ఫిర్యాదు చేద్దామని ఫోను చేస్తే, కొంచెం సర్దుకోవాలమ్మా అన్నది నాకు దొరికిన జవాబు.

వైకల్య ధ్రువపత్రం సంగతి మరీ అన్యాయం. ఒక ప్రభుత్వ కార్యాలయంలో "పది నిమిషాలు కూర్చోండి" అన్నారు. నాకు పది నిమిషాలంటే పది నిమిషాలే. మూడు గంటలు గడియారం చూస్తూ, ఫ్యాను చప్పుడు వింటూ, లోపల్లోపల కుంగిపోతూ కూర్చున్నాను. పిలిచాక, ఉద్యోగం చేస్తున్నారు, చక్కగా మాట్లాడుతున్నారు, మీకు ఆటిజం ఏమిటని అడిగారు. అమ్మను తీసుకురమ్మన్నారు. మా అమ్మ పోయి నాలుగేళ్లయింది. దేశమంతా వాడే 40 ప్రశ్నల ఆటిజం కొలమానం మన సికింద్రాబాద్‌లోని మనోవికాస్‌నగర్‌లో ఉన్న, మేధోవైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థలో తయారై 2009లో వెలువడింది. ఆ సంస్థ ఉన్న ఊళ్లోనే, పెద్దవారికి ఆటిజం ఉంటుందా అని అధికారులు అడగడం నాకు మింగుడుపడలేదు.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ప్రస్తావనే లేదు. 2016 చట్టం వైకల్యాల సంఖ్యను ఏడు నుంచి 21కి పెంచి అందులో ఆటిజాన్ని చేర్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లోని 4 శాతం రిజర్వేషన్‌లో ఒక శాతం ఆటిజం, మేధోవైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక రుగ్మత, బహుళ వైకల్యం ఉన్నవారందరికీ కలిపి ఇచ్చింది. ఉద్యోగాలకు వచ్చేది పిల్లలు కారు కదా! చట్టం పెద్దవాళ్లను గుర్తించింది. బల్ల అవతల కూర్చున్నవారూ, మీ విలేకరులూ మాత్రం ఇంకా గుర్తించడం లేదు. ఒకప్పుడు మీ పత్రికలో ఒక మాట తప్పు పడితే మర్నాడు సవరణ వేసేవారు. మా నాన్న అవి కత్తిరించి నాకు చూపించేవారు, ప్రూఫులు దిద్దే పనిమీద నాకు ఇష్టం అక్కడే మొదలైంది. ఆ శ్రద్ధ ఇప్పుడు కనిపించడం లేదు.

"బాధితులు" అన్న మాటకూ, ఆ ఫొటో కింది వ్యాఖ్యకూ సవరణ వేయండి. ఇకముందు ఆటిజం గురించి రాసేటప్పుడు ఆటిజం ఉన్న పెద్దవారిని కూడా అడగండి. ఫోనులో మాట్లాడలేనివారు రాసి పంపగలరు, కాస్త వ్యవధి ఇస్తే చాలు. నా పేరు ప్రచురించవద్దు. మా ముద్రణాలయంలో ఈ సంగతి ఇద్దరికే తెలుసు, మిగతావారికి నేనే చెప్పుకోవాలని ఉంది.

— ఒక పాఠకురాలు, పద్మారావునగర్, సికింద్రాబాద్