నా థీసిస్‌కు అండగా నిలిచినవారికి కృతజ్ఞతలు

మధుమేహం ఉన్నవారికి పూర్తి మత్తు ఇచ్చి, ల్యాప్రోస్కోపీ ద్వారా పిత్తాశయం తొలగించేటప్పుడు వారి గుండె లయ ఎలా మారుతుందో, అందులో మన ప్రమేయం లేకుండా గుండె వంటి అవయవాలను నడిపే స్వయంచాలిత నాడీ వ్యవస్థ పాత్ర ఎంతో పరిశీలిస్తూ రాసిన నా ఎండీ థీసిస్‌ను ఈ వారం సమర్పించాను. హైదరాబాద్‌లోని మా ప్రభుత్వ ఆసుపత్రిలో నాకు తోడ్పడినవారి పేర్లు మొదటి పేజీల్లో ఉన్నాయి గానీ, ఎవరు ఏం చేశారో అక్కడ వివరించే వీలు లేదు.

మానిటర్ మీద గుండె వేగంగా కనిపించే 72 అనే అంకె కొన్ని సెకన్ల సగటు మాత్రమే. ఊపిరి పీల్చినప్పుడు, గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి పట్టు సడలి గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. ప్రొపోఫాల్ అనే మత్తుమందు ఇచ్చాక ఈ హెచ్చుతగ్గులు బాగా తగ్గిపోతాయి. వీటిని కొలవాలంటే ప్రతి రెండు స్పందనల మధ్య వ్యవధీ మిల్లీసెకన్లలో కావాలి. మా బయోమెడికల్ ఇంజినీరు గారు ఈసీజీ తరంగాన్ని మానిటర్ నుంచి నేరుగా ల్యాప్‌టాప్‌లోకి తీసుకునే ఏర్పాటు చేశారు. వేళకు ముందే వచ్చే ఎక్టోపిక్ స్పందన ఒక్కటి పడినా ముందు చిన్న వ్యవధి, వెనుక పెద్ద వ్యవధి వచ్చి లెక్క అంతా లేనిపోనంతగా ఉబ్బిపోతుందని, సాఫ్ట్‌వేర్ మీద భారం వేయకుండా ప్రతి రికార్డునూ కంటితో చూడాలని ఆయన పట్టుబట్టి, డ్యూటీ ముగిశాక కూడా నా పక్కన కూర్చుని చూపించారు.

ఆపరేషన్ థియేటర్ (ఓటీ) టెక్నీషియన్ అన్నకు ఎంత చెప్పినా తక్కువే. కరెంటుతో కణజాలాన్ని కోసి రక్తస్రావం ఆపే కాటరీ వాడినప్పుడల్లా ఈసీజీ గీత చిందరవందర అవుతుంది కనుక, సర్జన్ కాలు పెడల్ మీద పడగానే ఆయన సమయం చూసి, మానిటర్ అంచుకు అంటించిన మైక్రోపోర్ టేపు ముక్క మీద పెన్నుతో రాసేవారు. ఒక కేసులో పొట్టలోకి గ్యాస్ ఎక్కించగానే పొట్ట లోపలి పొర పెరిటోనియం సాగి, వేగస్ ఉద్దీపన వల్ల గుండె వేగం 84 నుంచి 46కు పడిపోయింది. గ్యాస్ వదలమని నా గైడ్ మేడం సర్జన్‌కు చెప్పడం, నేను గుండె వేగం పెంచే అట్రోపిన్ సిరంజి అందుకోవడం, వేగం తిరిగి పెరగడం అన్నీ నిమిషంలోపే జరిగాయి. ఆ హడావుడిలోనూ సమయాలన్నీ టేపు మీదకు చేరాయి.

గైడ్ మేడం గారు వెంటిలేటర్ శ్వాస సంఖ్యను ప్రతి అయిదు నిమిషాల రికార్డు పక్కనా రాయించారు. 1996 నాటి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం వేగస్ ప్రభావాన్ని, గుండె లయలోని హెచ్చుతగ్గులు సెకనుకు 0.15 నుంచి 0.40 సార్లు (హెర్ట్జ్) జరిగే పట్టీలో చూస్తారు. నిమిషానికి 12 శ్వాసలంటే 0.2 హెర్ట్జ్, అందులోనే ఉంటుంది. ఎనిమిదికి తగ్గిస్తే అదే వేగస్ ప్రభావం కింది పట్టీలోకి జారి, గుండెను వేగిరపరిచే సింపథెటిక్ నాడుల ప్రభావంలా భ్రమ కలిగిస్తుంది. ఈ రెండు పట్టీల నిష్పత్తిని నాడీ వ్యవస్థ సమతూకంగా చూపడం సబబు కాదన్న ఆమె వాదనతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను, చాలా వ్యాసాల్లో ఇంకా అలాగే రాస్తున్నా సరే. సాహిత్య సమీక్షను మన నగరంలో 1888, 1889లలో క్లోరోఫామ్ మత్తు ఎంత సురక్షితమో పరిశీలించిన కమిషన్లతో మొదలుపెట్టమన్నదీ ఆమే. మత్తులో నాడి కొట్టుకోవడాన్ని కాదు, శ్వాసనే గమనించాలని ఆ కమిషన్లలోని వైద్యుడు ఎడ్వర్డ్ లారీ బృందం అప్పట్లో తేల్చింది. అయితే తేలికపాటి క్లోరోఫామ్ మత్తులో గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చని 1911లో పరిశోధకుడు లెవీ ప్రయోగాలు చూపాయి.

పరిశోధనకు అంగీకరించిన రోగులకు నా నమస్కారాలు. ఆపరేషన్ ముందురోజు సాయంత్రం వార్డులో నిమిషానికి ఆరుసార్లు గాఢంగా ఊపిరి పీల్చి వదలమని అడిగేవాణ్ణి. అప్పుడు పీల్చినప్పటికీ వదిలినప్పటికీ గుండె వేగంలో తేడా నిమిషానికి 15 స్పందనలు లేదా అంతకు మించితే మామూలే, 10 లేదా అంతకు తగ్గితే మధుమేహం ఆ నాడులను దెబ్బతీసిందని అనుమానించాలి. "ఊపిరి పీల్చుడు కూడా పరీక్షేనా బిడ్డా" అని నవ్వుతూనే ఒక పెద్దమ్మ ముగ్గురు పక్క మంచాలవారికి కూడా నేర్పించింది.

కాటరీ, గ్లైకోపైరొలేట్ (గుండె వేగం పెంచే మరో మందు), వెంటిలేటర్ మార్పుల సమయాలు నమోదు చేయడానికి మేమంతా కలిసి తయారుచేసిన ఒక పేజీ ఫారం మా డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌లో ఉంది. ఇదే అంశం మీద పనిచేసే జూనియర్లు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.