పైచేనులో బోరు గురించి శేఖరుకు

నార్పల, అనంతపురం జిల్లా

చిరంజీవి శేఖరుకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ నాయన మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. ఉగాది తర్వాత నీ నుంచి ఫోను లేకపోతే పని ఒత్తిడి అనుకున్నాను. మొన్న సంతలో ఓబులేసు కలిసి, పైచేనులో చీనీ (బత్తాయి) తోట పెట్టడానికి నువ్వు బోరుబండి వాళ్లతో మాట్లాడావనీ, వెయ్యి అడుగుల దాకా వేయమన్నావనీ చెప్పాడు. ఆ మాట పట్టుకుని నిన్ను నిలదీయాలని ఈ ఉత్తరం రాయడం లేదు.

చింతపండు గింజ తీయించి ఉంచాను, సగం నీకే. అక్కడ నీళ్లు కాచి చల్లార్చే తాగుతున్నావా? 2024 వేసవిలో బెంగళూరు బోర్లు ఎండిపోయినప్పుడు ట్యాంకరు కోసం రాత్రంతా మేలుకున్నవాడివి, ఆ కరువును మన చేనికి ఎందుకు తెస్తావు?

మన జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు, అంటే ఎకరానికి దాదాపు 22 లక్షల లీటర్లు. అందులో చాలావరకు ఆవిరైపోతుంది, కొంత వంకల్లో పోతుంది, మన రాతినేలలో ఇంకేది సుమారు పదోవంతు మాత్రమే. ఒక ఎకరం వరిమడి ఒక పంటకాలంలో దాదాపు 48 లక్షల లీటర్లు తాగుతుంది కనుక, దాదాపు ఇరవై రెండు ఎకరాల్లో ఏడాదంతా ఇంకిన నీరు ఆ ఒక్క ఎకరానికే సరిపోతుంది. చీనీకి డ్రిప్పు వేస్తే నీటి ఖర్చు తగ్గే మాట నిజమే, కానీ ఆ మిగిలిన నీటితో ఇంకో రెండెకరాలు పెంచుదామనే ఆశ పుడుతుంది. పైగా మన కింద ఉన్నది గ్రానైటు. పైనున్న చివికిన రాతిలోనూ దాని కింది పగుళ్లలోనూ తప్ప నీరు నిలవదు, లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లూ తగ్గిపోతాయి. లోతు నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు చిన్నప్పటి నుంచి తాగిన పిల్లలకు పళ్లు గారకడతాయి.

మీ చిన్నాయన తోట సంగతి నీకు సగమే తెలుసు, అప్పుడు నువ్వు అనంతపురం హాస్టలులో ఉన్నావు. మొదటి బోరులో మూడు వందల అడుగులకే నీళ్లు పడితే ఊరంతా చూడటానికి వెళ్లింది, మీ జేజి కొబ్బరికాయ కొట్టి పసుపుకుంకుమలు వేసింది. మొక్కలు పచ్చగా లేచాయి. ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడిన కాలం నుంచీ ఎండని, పక్కనే ఉన్న రంగన్న బావి ఆ వేసవికే అడుగంటింది. రంగన్న అప్పుచేసి ఇంకా లోతుగా బోరు వేశాడు. దాంతో చిన్నాయన మోటారు గాలి తోడటం మొదలుపెట్టింది, ఆయన ఇంకొకటి వేశాడు. ఇద్దరూ ఒకే పగులులోని నీటిని లాగుతున్నామని ఇద్దరికీ తెలుసు, అయినా ఆగినవాడి తోటే ముందు ఎండుతుంది కనుక ఎవరూ ఆగలేకపోయారు. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం కావడంతో, నీళ్లున్నంతసేపూ మోటార్లు ఆపలేదు. చివరి బోరు వేసిన రాత్రి తెల్లవారేదాకా తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. కాపుకొచ్చిన చెట్లను ఒక ఎండాకాలం ట్యాంకర్లతో బతికించి, రెండో ఎండాకాలానికి ఆయనే గొడ్డలి తెప్పించాడు. ఆ కట్టెలను మీ చిన్నమ్మ పొయ్యిలో పెట్టనివ్వలేదు, దొడ్డి వెనకే చెదలు పట్టిపోయాయి. వాళ్లిద్దరిలో చెడ్డవాడెవరూ లేడు నాయనా, అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి మీ తాత చెప్పేవారు, గుర్తుందా? 1369లో వేయించిన ఆ శాసనంలో చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు చెక్కించారు. నీళ్లు తక్కువై తడపవలసిన భూమి ఎక్కువ కావడం వాటిలో ఒకటి. ఆ దోషాన్ని మనం జిల్లా అంతటా చేస్తున్నాం. నిన్నటి తరాల వానలు దాచిన నీటిని తోడేయడమంటే విత్తనపు కాయలు వేయించుకుని తినడమే. ఏటా ఎంత ఇంకుతుందో అంతకు మించి తీయకుండా ఉంటేనే నీ పిల్లలకు ఆ చేను చేనుగా మిగులుతుంది.

కొత్త బోరుకు నీరు, భూమి, చెట్లను కాపాడటానికి తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి, అది తీసుకున్నావా? అనుమతి వచ్చినా వద్దనే అంటాను. ఆ డబ్బుతో చేను దిగువ మూలలో కుంట తవ్వించు, వాలుకు అడ్డంగా గట్లు వేయించు, చెరువు పూడికమట్టి తోలించు. శనక్కాయ ఒక్కటే నమ్ముకోకుండా సాళ్ల మధ్య కంది, ఇంకో పక్క సజ్జ, కొర్ర వేద్దాం. చెట్లే కావాలంటే సీతాఫలం పెట్టు, వేళ్లూనుకునేదాకా కుంట నీళ్లు చాలు. రాబడి చీనీ అంత రాదు, నాకు తెలుసు.

ఓబులేసు చెప్పింది నిజం కాకపోతే సంతోషం. అడ్వాన్సు ఇచ్చి ఉంటే పోనీ, శనక్కాయల డబ్బులో నేను సర్దుతాను. ఆదివారం ఫోను చెయ్యి, మీ నాయన కూడా ఇంట్లో ఉంటారు. చింతపండులో ఉప్పు కలిపి జాడీలో పెట్టుకో, లేకపోతే పురుగు పడుతుంది.

మీ అమ్మ