మావయ్య బాకా

బ్రాడ్‌ఫర్డ్, ఇంగ్లండ్,
ఆదివారం రాత్రి

అన్నయ్యకి,

మేమంతా బాగానే ఉన్నాం. పిల్లకి దగ్గు తగ్గింది. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది?

బాకా మావయ్య పోయాడని నువ్వు ఫోన్ చేసినప్పుడు బస్సులో ఉన్నాను. "అయ్యో" అని ఊరుకున్నాను. అప్పటి నుంచి మనసు మనసులో లేదు.

ఇక్కడ పక్కనే క్వీన్స్‌బరీ అని ఊరుంది. బట్టల మిల్లు వాళ్ళు 1855లో పెట్టుకున్న బ్లాక్ డైక్ బ్యాండు ఇప్పటికీ నడుస్తోంది. ఈ బ్యాండుల్లో అన్నీ ఇత్తడి బూరలూ డ్రమ్ములే, క్లారినెట్ ఉండదు. మావయ్య వింటే, "క్లారినెట్ లేకుండా పెళ్ళికూతుర్ని ఎలా సాగనంపుతారండీ వీళ్ళు?" అనేవాడు.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం గుర్తుందా? కుర్రాళ్ళు దేవుణ్ణి పెట్టిన వెదురు ప్రభని భుజాలకెత్తుకుని వరిచేలకి అడ్డంపడి పోతుంటే వెనకాల మన మేళం. కౌశిక కాలువలో దిగాక ఎర్రకోటు తడిస్తే తడిసిందని, ట్రంపెట్ మాత్రం నెత్తిమీద పెట్టుకునేవాడు. గట్టెక్కి, కింద ఉన్న చిన్న మీట నొక్కి ఉఫ్‌మని ఊదితే నాలుగు చుక్కలు రాలేవి. ఉమ్మి అని నువ్వు వెక్కిరించేవాడివి. ఊపిరే లోపల చల్లబడి నీరవుతుందట, ఇక్కడికొచ్చాక తెలిసింది.

ముందుపళ్ళు ఊడాక పెదవికి ఆనిక లేక పైస్వరం నిలిచేది కాదు. కట్టుడుపళ్ళు పెట్టించుకున్నా ఊదుతుంటే కదిలిపోయేవి. ఇంకొకరైతే మానేసేవారు. 40 ఏళ్ళు ముందు వరసలో నడిచిన మనిషి, ఊపితే గలగలమనే గిలకలు పట్టుకుని చివరి వరసలోకి వెళ్ళిపోయాడు. అదే కోటు, అదే టోపీ.

నా పెళ్ళి ఊరేగింపులో సరిగ్గా నా కారు ముందే నడిచాడు. ట్రంపెట్ కుర్రాడు పాటలో తడబడినప్పుడల్లా, మావయ్య వేళ్ళు మూడూ గిలక పిడిమీద మీటలు నొక్కినట్టు కదిలేవి. కళ్ళారా చూశాను. చూసి కూడా ఆ కుర్రాణ్ణి పిలిచి నోటు చేతిలో పెట్టాను. ఈయన్ని పలకరించలేదు. సిగ్గేసి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, నీకే రాస్తున్నాను.

ట్రంపెట్ ఇంకా ఇంట్లోనే ఉందన్నావు కదా. పాత ఇత్తడికని తూకానికి వేసేయకముందే అత్తయ్యని ఓ మాట అడుగు. ఎంతంటే అంత పంపిస్తాను, బేరమాడకు. ఇవ్వనంటే వదిలెయ్, అది ఆవిడ ఇష్టం.

ఇస్తే మాత్రం పైన చింతపండు పెట్టి తోమండి, మెరుస్తుంది. మీటలు బిగుసుకుని ఉంటే బలవంతం చెయ్యొద్దు. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వెయ్యి. మనింట్లో దేనికైనా కొబ్బరినూనే కదా, అమ్మ చేతికి మాత్రం ఇవ్వకు. ధనుర్మాసం చలికి ఆ నూనె పేరుకుందంటే మీటలు మళ్ళీ కదలవు.

నీ తమ్ముడు