పిల్లల్ని పంపే ముందు కౌంటీ లెక్క చూడండి

సంపాదకులకు నమస్కారం.

తెలుగు పేపర్లలో అమెరికా ఉద్యోగాల గురించి రెండు రకాల వార్తలే వస్తున్నాయి. ఒకరోజు టెక్ కంపెనీల్లో వేలల్లో కోతలు అని పెద్ద హెడ్డింగ్, ఇంకో రోజు అమెరికాలో నిరుద్యోగం నాలుగు శాతం చిల్లరే అని లోపలి పేజీలో ఒక ముక్క. రెండూ నిజమే. కానీ ఖమ్మంలోనో గుంటూరులోనో పొలం తాకట్టు పెట్టి కొడుకునో కూతుర్నో ఎంఎస్‌కి పంపాలా వద్దా అని తల పట్టుకున్న తల్లిదండ్రులకి వీటిల్లో ఏది చదివినా పనికొచ్చే సంగతి దొరకదు. మా ఊళ్ళో వాన పడిందా అని అడిగితే దేశం సగటు వర్షపాతం చెప్పినట్టు ఉంటుంది. అసలు చూడాల్సింది కౌంటీ లెక్క, అంటే అక్కడి ఒక్కో జిల్లాలో నిరుద్యోగం ఎంతన్న లెక్క. అది మీరు నెలనెలా వెయ్యాలని అడగడానికే ఈ ఉత్తరం.

నేను కాలిఫోర్నియాలో శాంటాక్లారా కౌంటీ సన్నీవేల్‌లో ఉంటాను. కౌంటీ అంటే దాదాపు మన జిల్లా అనుకోండి. శాన్‌హోజే, కుపర్టినో, మౌంటెన్ వ్యూ, మిల్పిటాస్ అన్నీ ఇందులోవే. యాపిల్, గూగుల్, ఎన్విడియా, ఇంటెల్, సిస్కో హెడ్డాఫీసులు కూడా ఇక్కడే. అమెరికాలో మూడు వేలకి పైగా కౌంటీలు ఉన్నాయి, ప్రతి కౌంటీకీ నెలనెలా ఎంతమంది పనిలో ఉన్నారు, ఎంతమంది పని లేక వెతుకుతున్నారు అన్న అంచనా బయటకి వస్తుంది. కేంద్రంలో బీఎల్ఎస్ అనే కార్మిక గణాంకాల సంస్థ, మా రాష్ట్రంలో ఈడీడీ అనే ఉపాధి శాఖ కలిసి వేసే లెక్క ఇది. నెట్‌లో ఉచితంగానే ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. అయినా మనవాళ్ళు కన్సల్టెన్సీ వాడు చెప్పిందీ, వాట్సాప్‌లో వచ్చిందీ నమ్ముతారు గానీ దీన్ని తెరిచి చూసినవాళ్ళు నాకు చాలా తక్కువ మంది తెలుసు.

ఒకే రాష్ట్రంలో తేడా ఎంత ఉంటుందో చూడండి. కాలిఫోర్నియాలోనే దక్షిణాన మెక్సికో సరిహద్దులో ఇంపీరియల్ కౌంటీ ఉంది. ఎడారిలో కాలువ నీళ్ళతో కూరగాయలు, పశుగ్రాసం పండించే ప్రాంతం, పనులన్నీ సీజన్ మీద నడుస్తాయి. అక్కడ నిరుద్యోగం చాలా ఏళ్ళుగా 15 శాతం అటూ ఇటూగా ఉంటోంది, కొన్ని నెలల్లో 20 కూడా దాటుతుంది. అదే 2022లో మా కౌంటీలో రెండు శాతం దగ్గర ఉంది. ఈ రెండిట్నీ కలిపి కాలిఫోర్నియా సగటు అని చెబితే ఎవరికి ఉపయోగం?

మా కౌంటీ చరిత్ర చూస్తే ఇంకో విషయం అర్థమవుతుంది, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. 2000 చివర్లో డాట్‌కామ్ ఊపులో, అంటే ఇంటర్నెట్ కంపెనీలు ఎగిరిపడుతున్న రోజుల్లో, ఇక్కడ నిరుద్యోగం రెండు మూడు శాతమే. మూడేళ్ళ లోపే ఎనిమిది దాటింది, శాన్‌హోజే చుట్టుపక్కల దాదాపు రెండు లక్షల ఉద్యోగాలు పోయాయి. అప్పుడు దేశం మొత్తం మీద నిరుద్యోగం ఆరు శాతం దగ్గరే ఉంది, అంటే దేశం ఓ మోస్తరుగా దెబ్బతింటే ఇక్కడ మాత్రం నడుం విరిగింది. 2009లో దేశం పది శాతం దాకా వెళ్ళింది, మేం పదకొండు దాటాం. మళ్ళీ కోలుకుని 2022కి రెండు శాతానికి దిగాం. ఆ ఏడాది నవంబరులో ఫేస్‌బుక్ కంపెనీ మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి, మార్చిలో ఇక్కడి సిలికాన్ వ్యాలీ బ్యాంక్ కూలిపోయింది, 2024 ఆగస్టులో ఇంటెల్ 15 వేల పైచిలుకు కోత చెప్పింది. ఆ రెండేళ్ళలో దేశం నిరుద్యోగం మూడున్నర నుంచి నాలుగు చిల్లరకి వెళ్తే, మా కౌంటీది దాదాపు రెట్టింపు అయింది. మంచి రోజుల్లో దేశం కంటే బాగుంటాం, టెక్ పడితే దేశం కంటే వేగంగా పడతాం. మన పిల్లలు వచ్చేది ఆ టెక్ ఉద్యోగాల కోసమే కాబట్టి వాళ్ళకి దేశం లెక్క ఎప్పుడూ తప్పు ధైర్యమో తప్పు భయమో ఇస్తుంది.

ఇంకోటి, ఇక్కడ శాతం అంటే ఎంతమందో కూడా తెలియాలి. మా కౌంటీలో పని చేసేవాళ్ళూ, పని వెతికేవాళ్ళూ కలిపి పది లక్షలకి పైనే ఉంటారు. ఒక్క శాతం పెరిగిందంటే పది వేల పైచిలుకు మంది కొత్తగా రోడ్డున పడ్డట్టు. ఆ పది వేల మందితోనే మొన్న చదువైపోయిన మన పిల్లలు పోటీ పడాలి. పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఎంట్రీ లెవల్ ఉద్యోగాలకి అప్లై చేస్తుంటే ఫ్రెషర్‌కి ఇంటర్వ్యూ కాల్ ఎక్కడి నుంచి వస్తుంది? న్యూయార్క్ ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకులో ఒక విభాగం) వాళ్ళు 2025లో బయటపెట్టిన లెక్క ప్రకారం కొత్తగా డిగ్రీ పూర్తి చేసినవాళ్ళలో కంప్యూటర్ సైన్స్ వాళ్ళ నిరుద్యోగం 6.1 శాతం, కంప్యూటర్ ఇంజనీరింగ్ వాళ్ళది 7.5 శాతం. కంప్యూటర్ చదివితే చాలు ఉద్యోగం వచ్చేస్తుందని మన ఇళ్ళలో ఇంకా చెప్పుకుంటున్నారు, అందుకే ఈ అంకెలు గుర్తు చేస్తున్నాను.

అయితే కౌంటీ లెక్కని కూడా గుడ్డిగా చదవకూడదు. ఈ లెక్కలో నిరుద్యోగి అంటే పని లేకుండా, గత నాలుగు వారాల్లో గట్టిగా వెతికి, పిలిస్తే వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నవాడు. లెక్క తీసే వారంలో డబ్బులకి ఒక్క గంట పని చేసినా వాణ్ణి ఉద్యోగి కిందే వేస్తారు. చిప్ డిజైన్ ఉద్యోగం పోయి, ఇల్లు గడవడానికి రాత్రిపూట ఫుడ్ డెలివరీ చేస్తున్న మనిషి ఆ లెక్కలో ఉద్యోగస్తుడే. వెతికి వెతికి విసిగిపోయి మానేసినవాడు అసలు లెక్కలోనే ఉండడు. ఆఫీసు ఎక్కడుందో చూడరు, ఇల్లు ఎక్కడుందో దాన్ని బట్టి వేస్తారు. మెటా ఆఫీసు మెన్లో పార్కులో ఉంది, అది పక్కనున్న శాన్ మటేయో కౌంటీ. అక్కడ ఉద్యోగం పోయిన సన్నీవేల్ అమ్మాయి మా కౌంటీ నిరుద్యోగుల్లో చేరుతుంది. నెలకీ నెలకీ పోల్చుకుంటే కూడా తప్పుతుంది, పండగ సీజన్ అయిపోయాక జనవరిలో షాపుల్లో తాత్కాలిక ఉద్యోగాలు పోయి అంకె ఎలాగూ పెరుగుతుంది, అందుకని నిరుడు అదే నెలతో పోల్చాలి. మొదట వచ్చే అంకె తాత్కాలికం, తర్వాత సవరిస్తారు. ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టేది కూడా కాదు, నిరుద్యోగ భృతి దరఖాస్తులూ ఇతర సర్వేలూ కలిపి వేసే అంచనా, కాబట్టి పాయింట్ వన్, పాయింట్ టూ తేడాలకి కంగారు పడక్కర్లేదు.

మనవాళ్ళకి ఇక్కడ ప్రత్యేకంగా ఒక చిక్కుంది. హెచ్1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే 60 రోజుల దాకానే గడువు. ఆ లోపు ఇంకో కంపెనీ వీసా ఫైల్ చెయ్యాలి, లేదా ఇంకో స్టేటస్‌కి మారాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఓపీటీ (చదువైపోయాక కొంతకాలం పని చేసుకోనిచ్చే అనుమతి) మీద ఉన్న పిల్లలకి మొత్తం కలిపి 90 రోజులకి మించి ఖాళీగా ఉండే వీలు లేదు, సైన్స్, ఇంజనీరింగ్ లాంటి చదువులవాళ్ళకి ఇచ్చే స్టెమ్ పొడిగింపు వచ్చినవాళ్ళకి అది 150. ఉద్యోగం దొరక్క హైదరాబాదో విజయవాడో తిరిగి వచ్చేసిన మనిషి మా కౌంటీ నిరుద్యోగుల్లోంచి తీసేసినట్టే, పని చేసేవాళ్ళూ వెతికేవాళ్ళూ కలిపిన మొత్తంలోంచి, అంటే లేబర్ ఫోర్స్‌లోంచి కూడా పోతాడు. శాతం కాస్త తగ్గి పరిస్థితి మెరుగైనట్టు కనిపిస్తుంది. అద్దె కట్టలేక టెక్సాస్‌కి వెళ్ళిపోయినవాళ్ళదీ అంతే. నిరుద్యోగం తగ్గిందని ఎవరైనా చెబితే పక్కనే ఉండే లేబర్ ఫోర్స్ అంకె కూడా చూడండి. అది కూడా తగ్గి ఉంటే జనానికి ఉద్యోగాలు దొరికాయని అనుకోవడానికి లేదు, జనమే వెళ్ళిపోయి ఉండొచ్చు. ఆ వెళ్ళిపోయినవాళ్ళ బాధ ఏ పట్టికలోనూ లేదు. అప్పు మాత్రం వాళ్ళ వెంటే ఇంటికి వస్తుంది, రూపాయల్లో జీతం తెచ్చుకుంటూ డాలర్ల లెక్కన తీసుకున్న లోన్‌కి ఈఎంఐ కట్టాలి. అలాంటి ఇళ్ళు నాకు తెలుసు, మీ పాఠకుల్లో చాలామందికి తెలుసు.

ఉద్యోగాలు పెరిగాయన్న వార్తలోనూ ఏ రంగంలో పెరిగాయో చూడాలి. కోతల ఏళ్ళలో కూడా ఇక్కడ ఆసుపత్రులు, ఆరోగ్య సేవలు మనుషుల్ని తీసుకుంటూనే ఉన్నాయి. మొత్తం అంకె దాంతో నిలబడింది గానీ నర్సు ఉద్యోగం సాఫ్ట్‌వేర్ చదివినవాడికి రాదు కదా.

ముందుగా తెలుసుకునే దారి కూడా ఉంది. 1988 నాటి వార్న్ చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూకుమ్మడిగా తీసెయ్యాలంటే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కాలిఫోర్నియా చట్టం ఇంకాస్త గట్టిది, 75 మంది ఉన్న సంస్థలకి కూడా వర్తిస్తుంది. ఏ కౌంటీలో, ఏ ఆఫీసులో, ఎంతమంది, ఏ తేదీ నుంచి అన్న జాబితా ఈడీడీ సైట్‌లో పెడతారు. గూగుల్ చెప్పిన 12 వేలు ప్రపంచం మొత్తం మీద, ఆ జాబితా చూస్తే గానీ మన వీధిలో ఎంతమందో తెలియదు. పెద్ద కంపెనీలకి మనుషుల్ని సరఫరా చేసే చిన్న కన్సల్టెన్సీలు మాత్రం దీంట్లోకి రావు, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళని నిలిపేసినా పెద్ద కంపెనీ పేరు మీద కనిపించదు, మనవాళ్ళలో సగం గోడు అక్కడే ఉంటుంది.

శాంటాక్లారా ఒక్కటే కాదు. మనవాళ్ళున్న ప్రతి కౌంటీ ఒక్కో దాని మీద ఆధారపడి బతుకుతోంది. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ అమెజాన్, మైక్రోసాఫ్ట్ మీద నడుస్తుంది. వర్జీనియాలో ఫెయిర్‌ఫాక్స్ కేంద్ర ప్రభుత్వ కాంట్రాక్టుల మీద, 2025లో వాషింగ్టన్‌లో ప్రభుత్వ ఉద్యోగాలు కోస్తే ఆ దెబ్బ అక్కడ తగులుతుంది, డల్లాస్‌లో ఉన్నవాళ్ళకి అంతగా తెలియకపోవచ్చు. టెక్సాస్‌లో ప్లేనో, ఫ్రిస్కో ఉన్న కాలిన్ కౌంటీలో బ్యాంకులు, ఇన్సూరెన్స్, టెలికాం. అర్కాన్సాలో బెంటన్ కౌంటీ అంటే వాల్‌మార్ట్. మిషిగన్‌లో ఓక్లాండ్ కౌంటీకి కార్ల పరిశ్రమ తుమ్మితే జలుబు చేస్తుంది. యూనివర్సిటీ ర్యాంకు చూస్తారు, ఫీజు చూస్తారు, చదువైపోయాక పిల్లలు ఉద్యోగం వెతకబోయే కౌంటీ ఏ పరిశ్రమ మీద నిలబడిందో మాత్రం ఎవరూ చూడరు.

2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీలకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించినప్పుడు మన పేపర్లన్నీ పేజీలకి పేజీలు రాశాయి, రాయాల్సిందే. కానీ వీసా ఒక్కటే సమస్య అన్నట్టు జనం అనుకుంటున్నారు. వీసా చేతిలో ఉండి ఉద్యోగం లేనివాళ్ళూ ఉన్నారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. అమెరికాలో జిల్లాకి నెలనెలా దొరికే ఈ లెక్క మన దగ్గర లేదు. పీఎల్ఎఫ్ఎస్ అని మన కేంద్రం చేసే ఉద్యోగాల సర్వే ఫలితాలు 2025 నుంచి నెలనెలా ఇస్తున్నారు, సంతోషమే, కానీ ఆ నెలవారీ అంకె దేశం మొత్తానిది. ఖమ్మంలో డిగ్రీ చదివిన పిల్లల్లో ఎంతమందికి పని లేదో ఈ నెల ఎవరూ చెప్పలేరు. ఆ అంకె తెలిస్తే అసలు అమెరికా దాకా వెళ్ళాలా అన్న ప్రశ్నకే జవాబు వేరేగా ఉండొచ్చు. దీని గురించి మీ ఎడిటోరియల్‌లో గట్టిగా అడగండి.

నేను కోరేది పెద్ద పని కాదు. నెలకోసారి చదువు పేజీలో అరచెయ్యంత పట్టిక చాలు: కౌంటీ పేరు, ఈ నెల నిరుద్యోగ శాతం, నిరుడు ఇదే నెలలో ఎంత, లేబర్ ఫోర్స్ పెరిగిందా తగ్గిందా, పెద్ద లేఆఫ్ నోటీసులు ఏమైనా వచ్చాయా. ముందు శాంటాక్లారా, కింగ్, కాలిన్, ఫెయిర్‌ఫాక్స్, న్యూజెర్సీలో ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్, ఈ అయిదింటితో మొదలుపెట్టండి. వచ్చే ఆగస్టు సీట్ల కోసం కుటుంబాలు సంక్రాంతి దాటగానే లోన్లకి బ్యాంకుల చుట్టూ తిరగడం మొదలుపెడతాయి, కాబట్టి మొదటి పట్టిక డిసెంబరులోపు వస్తే వాళ్ళకి అందుతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సన్నీవేల్, కాలిఫోర్నియా