సీజన్ టికెట్ల కంపెనీకి: డబ్బు తీసుకున్నవాళ్ళే జవాబు చెప్పాలి

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: నా కాలేజ్ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) సీజన్ టికెట్ల సీట్లను చెప్పకుండా మార్చడం, ఆ తర్వాత నెలల తరబడి ఎవరూ జవాబివ్వకపోవడం గురించి.

అయ్యా/అమ్మా,

ఈ ఉత్తరాన్ని తెలుగులో రాసి నలుగురి ముందూ పెడుతున్నాను. ఇంగ్లీషులో రాసినవేవీ మీరు చదవలేదు. మెయిల్ పెట్టాను, వెబ్‌సైట్‌లో ఫారం నింపాను, చివరికి సంతకం పెట్టి అందుకోవాల్సిన పోస్టులో కాగితం మీద కూడా పంపాను. సంతకం పెట్టి తీసుకున్నారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. మీ కంపెనీలో మన తెలుగువాళ్ళు చాలామందే పనిచేస్తున్నారు. వాళ్ళలో ఒక్కరైనా దీన్ని చదివి మీ బల్ల మీద పెడతారని ఆశ.

నేను ఒంగోలు నుంచి ఎం.ఎస్. చదవడానికి అమెరికాలోని ఈ యూనివర్సిటీకి వచ్చాను. చదివే రోజుల్లో ప్రతి సెమిస్టర్ ఫీజులోనూ అథ్లెటిక్స్ పేరుతో ఒక వరుస ఉండేది. అప్పుడు ఆట అంటే ఏమిటో తెలియకుండానే కట్టాను. ఉద్యోగం వచ్చాక ఇదే ఊళ్ళో స్థిరపడి, రెండు సీట్లకు సీజన్ టికెట్లు, అంటే మా స్టేడియంలో ఆ ఏడాది జరిగే మ్యాచ్‌లన్నిటికీ కలిపి ఇచ్చే టికెట్లు, తీసుకున్నాను. టీమ్ గెలవడం మరిచిపోయిన ఏళ్ళలోనూ వదల్లేదు. నవంబర్ వానలో సగం స్టేడియం ఖాళీ అయిపోయినప్పుడు కూడా మా అమ్మాయీ నేనూ రెయిన్‌కోట్లు వేసుకుని చివరి నిమిషం దాకా కూర్చున్నాం. మా తెలుగు కుటుంబాల్లో ఎంతమందికి ఫస్ట్ డౌన్ లాంటి ఆట నియమాలు నేర్పి, మీ దగ్గర టికెట్లు కొనిపించానో మీ రికార్డుల్లో ఉండదు. నాకు తెలుసు.

ఈ ఏడాది రెన్యువల్ చేసి డబ్బంతా కట్టాక, ఆగస్టులో మొబైల్ యాప్‌లో టికెట్లు వచ్చాయి. తెరిచి చూస్తే నా సీట్లు లేవు. ఏళ్ళ తరబడి పక్కపక్కన ఉన్న రెండు సీట్లనూ పై అంతస్తుకి మార్చారు, అదీ వేర్వేరు వరుసల్లో. ఒక్క మెయిల్ లేదు, ఒక్క ఫోన్ లేదు. ఏదో సిస్టమ్‌లో పొరపాటు జరిగి ఉంటుంది, చెబితే సరిచేస్తారు అనుకున్నాను. పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి. ఆ సంగతి గురించి అయితే ఈ ఉత్తరమే రాసేవాణ్ణి కాదు. ఆ తర్వాత మీరు నన్ను తిప్పిన తిప్పుడు గురించి రాస్తున్నాను.

మొదట మీ చాట్‌లోకి వెళ్ళాను. "నా సీట్లు మారిపోయాయి" అని టైప్ చేస్తే, స్టేడియంలోకి ఎలాంటి బ్యాగులు తేవచ్చో చెప్పే పేజీ పంపింది. మళ్ళీ రాస్తే పార్కింగ్ పాస్ గురించి చెప్పింది. మనిషితో మాట్లాడాలని పదేపదే అడిగితే చివరికి ఒక ఏజెంట్ వచ్చి "ఒక్క క్షణం" అన్నాడు. ఆ క్షణం ఎంతకీ గడవలేదు. స్క్రీన్ ముందు నుంచి కదలకుండా కూర్చుంటే, "మీ వైపు నుంచి స్పందన లేనందున సంభాషణ ముగిస్తున్నాము" అని వచ్చింది. ఎదురుచూస్తున్నది నేను, స్పందన లేనిది కూడా నా వైపు నుంచేనా?

తర్వాత ఫోన్. అక్కడ నా పేరే అడ్డమైంది. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట, పేరు ఒకచోట ఎలా పడతాయో మనందరికీ తెలిసిందే. మీ ఏజెంట్‌కి నా ఖాతా దొరకలేదు. ఖాతా నంబర్ చెబితే పేరు సరిపోలేదన్నాడు. పేరు తిప్పి చెబితే నేను నేనే అని నిరూపించమన్నాడు. అదే పేరుతో, అదే కార్డు మీద ఏటా డబ్బు తీసుకునేటప్పుడు ఒక్కసారి కూడా ఎవరికీ అనుమానం రాలేదు. ఖాతా దొరికాక ఆయన చెప్పింది ఇదీ: సీట్ల కేటాయింపు ప్రయారిటీ పాయింట్లను (విరాళాలు ఇచ్చే పాత టికెట్‌దారులకు వచ్చే పాయింట్లను) బట్టి జరుగుతుంది, ఆ పాయింట్లు చూసేది యూనివర్సిటీ అథ్లెటిక్స్‌కి విరాళాలు వసూలుచేసే ఫండ్ వాళ్ళు, వాళ్ళనే అడగండి.

అడిగాను. అక్కడ మాట్లాడిన ఆవిడ మర్యాదగానే మాట్లాడారు. నా విరాళం అందింది, పాయింట్లు తగ్గలేదు, సీట్లు మాత్రం టికెట్ కంపెనీ సిస్టమ్‌లో ఉంటాయి, వాళ్ళకే కలుపుతాను అన్నారు. కలిపారు. బాకా సంగీతం మొదలైంది, మా యూనివర్సిటీ పాటే. ఆ పాట వినపడితే లేచి నిలబడే అలవాటు నాది. ఇప్పుడు అది వింటే ఒళ్ళు మండుతోంది, ఆ పాపం మీదే. చాలాసేపటికి మీ మనిషి ఎత్తి, కథంతా మొదటి నుంచి చెప్పించుకుని, "ఇది ఫండ్ వాళ్ళ విషయం సార్" అంది. ఇప్పుడే అక్కడి నుంచి వస్తున్నానని చెప్పేలోపు లైన్ కట్టయింది.

మొదటి మ్యాచ్ రోజు స్టేడియం కౌంటర్‌కి వెళ్ళి అడిగాను. అక్కడున్నది చదువుకుంటూ పనిచేసే కుర్రాడు. తన స్క్రీన్ తిప్పి నాకు చూపించాడు. సీటు మార్చే బటన్ అతనికి బూడిదరంగులో ఉంది, నొక్కినా పనిచేయదు. "సారీ సార్, మాకు పర్మిషన్ ఇవ్వలేదు" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. ఈ వ్యవహారం మొత్తంలో నాకు నిజం చెప్పినవాడు అతనొక్కడే.

ఆ తర్వాత ఒక సూపర్‌వైజర్ 2 పనిదినాల్లో ఫోన్ చేస్తానని మాటిచ్చాడు. చేయలేదు. దానికి బదులు "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని మెయిల్ వచ్చింది. ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు? ఆ మెయిల్‌కి జవాబు రాస్తే, ఈ అడ్రసుకి వచ్చే మెయిళ్ళు ఎవరూ చూడరని తిరుగు మెయిల్ వచ్చింది.

ఇదే కంపెనీ ఫిబ్రవరిలో ఎలా ఉందో కూడా చెప్పాలి. రెన్యువల్ గడువు దగ్గరపడుతుంటే మీ సేల్స్ అబ్బాయి నేను మీటింగ్‌లో ఉన్నా, భోజనం చేస్తున్నా ఫోన్ చేసేవాడు. వాయిస్‌మెయిల్ పెట్టేవాడు, మెసేజ్ పెట్టేవాడు, మా అమ్మాయి ఎలా చదువుతోందని కూడా అడిగేవాడు. ఇప్పుడు అదే నంబర్‌కి నేను చేస్తే మోగి మోగి ఆగిపోతుంది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని మా నాన్న అంటుంటారు. నా విషయంలో మీరు చేసింది అచ్చంగా అదే.

డబ్బు గురించి నేనెన్నడూ పేచీ పెట్టలేదు. టికెట్ ధర ఒకటి, ఆ సీటు కొనే హక్కు కోసం సీటుకి ఇంత అని కట్టే విరాళం ఇంకొకటి. 2018కి ముందు ఆ విరాళంలో 80 శాతానికి పన్ను మినహాయింపు ఉండేది. 2017లో పన్నుల చట్టం మార్చి దాన్ని తీసేశారు. అప్పుడు చాలామంది మానుకున్నారు, నేను మానలేదు. మ్యాచ్ ఎన్ని గంటలకో టీవీ చానెళ్ళు 12 రోజుల ముందు, కొన్నిసార్లు 6 రోజుల ముందు మాత్రమే చెబుతాయి. దానికీ సర్దుకున్నాను. 2022లో బిగ్ టెన్ కాన్ఫరెన్స్ (కొన్ని యూనివర్సిటీల టీమ్‌ల కూటమి) 7 ఏళ్ళకు 700 కోట్ల డాలర్లకు పైగా టీవీ ఒప్పందం చేసుకుందని విన్నప్పుడు, అంత టీవీ డబ్బు వచ్చే ఆటకి నా టికెట్ ధర ఎందుకు పెరుగుతోందని అడగొచ్చు. అడగలేదు. 2023లో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ని పంపించేయడానికి 7 కోట్ల 50 లక్షల డాలర్లకు పైగా ఇవ్వడానికి సిద్ధపడిందని చదివినప్పుడు, ఈ లోకంలో డబ్బుకి లెక్క లేదని అర్థమైంది. అయినా నా వాటా నేను కట్టాను.

2025 జూన్‌లో జడ్జి క్లాడియా విల్కెన్, కాలేజీ ఆటగాళ్ళు తమకు డబ్బు రావాలని వేసిన హౌస్ కేసులో కుదిరిన ఒప్పందానికి ఆమోదం తెలిపారు. దాంతో యూనివర్సిటీలు తమ ఆటగాళ్ళకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీ సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. పాత ఆటగాళ్ళకు బకాయిగా ఇంకో 280 కోట్ల డాలర్ల దాకా. నేను దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. మోకాళ్ళు విరగ్గొట్టుకునేది ఆ పిల్లలు, ఇన్నాళ్ళూ బాగుపడింది వేరేవాళ్ళు. కానీ ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? సొంత రాబడితో ఖర్చులు వెళ్ళదీసుకోగలిగే అథ్లెటిక్ విభాగాలు ఈ దేశంలో చాలా తక్కువ. మిగతావాళ్ళు విద్యార్థుల ఫీజుల మీద, యూనివర్సిటీ నిధుల మీద, మాలాంటివాళ్ళ జేబుల మీద ఆధారపడతారు. టెనసీ యూనివర్సిటీ అయితే 2025 సీజన్ నుంచి టికెట్ల మీద 10 శాతం టాలెంట్ ఫీ (ఆటగాళ్ళకు ఇచ్చే డబ్బు కోసం వసూలు చేసే రుసుము) వేస్తున్నట్టు ముందే ప్రకటించింది. కనీసం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి తీసుకున్నారు. ఫుట్‌బాల్ డబ్బుతోనే ఈత, కుస్తీ, జిమ్నాస్టిక్స్ టీమ్‌లు బతుకుతున్నాయని కూడా నాకు తెలుసు. మా అమ్మాయి ఈత కొట్టే పిల్ల. అందుకే విరాళం కట్టేటప్పుడు నా చెయ్యి వెనకాడలేదు. ఇన్ని ఖర్చులకు మూలం మేమే అయినప్పుడు, మా ఫోన్ ఎత్తి ముక్కుసూటిగా జవాబు చెప్పే ఒక్క మనిషిని పెట్టడానికి మీకు డబ్బు లేదా?

ఈ సంవత్సరం మా నాన్న ఒంగోలు నుంచి వచ్చారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా పనిచేసి రిటైరయ్యారు. పిల్లల కబడ్డీ జెర్సీల కోసం ఊళ్ళో చందాలు అడిగిన మనిషి. కాలేజీ పిల్లల ఆటకి ఇంతమంది టికెట్ కొని వస్తారంటే ఆయన నమ్మలేదు. చూపిస్తానని తీసుకెళ్ళాను. నా పాత సీట్లు గేటుకి దగ్గర, నాలుగు మెట్లు దిగితే చాలు. మీరిచ్చిన సీట్ల కోసం ఆయన మోకాలు పట్టుకుని, రెయిలింగ్ పట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ పైకెక్కారు. ఎక్కాక ఆయన ఒక వరుసలో, నేను నాలుగు వరుసల వెనక. పక్కవాళ్ళని జరగమని అడిగితే వాళ్ళకీ వాళ్ళ మనుషులున్నారు. ఏం జరుగుతోందో చెప్పేవాళ్ళు పక్కన లేక, జనం లేచినప్పుడల్లా ఆయన వెనక్కి తిరిగి నన్ను వెతుక్కోవడం ఆ పూటంతా చూశాను. హాఫ్‌టైమ్‌లోనే వెళ్ళిపోదాం అన్నారు. వెళ్ళిపోయాం. దీనికి మీరు ఏ రిఫండ్ ఇస్తారు?

మిగిలిన మ్యాచ్‌లకు నా పాత సీట్లు నాకు ఇవ్వండి. కుదరకపోతే ఎందుకు కుదరదో రాసిచ్చి, ఆ సీట్ల కోసం నేను కట్టిన విరాళం వెనక్కి ఇప్పించండి. అది ఫండ్ వాళ్ళ దగ్గర ఉందని మళ్ళీ అనకండి. నా కార్డు నుంచి డబ్బు లాగింది మీ పేజీ. మీరూ వాళ్ళూ ఏం తేల్చుకుంటారో మీ ఇష్టం.

ఈ నెలాఖరులోగా ఒక మనిషి, తన పేరు చెప్పే మనిషి, నాకు ఫోన్ చేయకపోతే బ్యాంకులో ఈ చెల్లింపు మీద డిస్ప్యూట్ వేస్తాను. రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో వినియోగదారుల విభాగానికి చాట్‌ల స్క్రీన్‌షాట్లతో సహా ఫిర్యాదు ఇస్తాను. ఇంకో సంగతి. సెప్టెంబర్‌లో మా స్నేహితుడి కోసం ఒక మ్యాచ్‌కి విడిగా టికెట్ కొన్నప్పుడు, మొదట చూపిన ధరకి చివరి పేజీలో ఫీజు కలిసింది. తప్పనిసరి ఫీజులన్నీ కలిపి మొత్తం ధర మొదటే చూపించాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం 2025 మే 12 నుంచి అమల్లో ఉంది. ఆ పేజీలు కూడా దాచిపెట్టాను, అవి కూడా పంపిస్తాను. నా మాట మీద టికెట్లు కొన్న కుటుంబాలన్నిటికీ ఈ ఉత్తరం ఇప్పటికే చేరింది. వచ్చే ఫిబ్రవరిలో మీ సేల్స్ అబ్బాయి వాళ్ళకి ఫోన్ చేసినప్పుడు వాళ్ళేం చెబుతారన్నది ఇప్పుడు మీరు చేసే పని మీద ఆధారపడి ఉంటుంది.

నా ఫోన్ నంబర్ మీ దగ్గర ఉంది. సాయంత్రం 5 తర్వాత ఎప్పుడైనా ఎత్తుతాను.

ఇట్లు,
మీ సీజన్ టికెట్‌దారు, ఈ యూనివర్సిటీ పూర్వ విద్యార్థి