‘చరిత్రలో ఈరోజు’ ఏ క్యాలెండరు ప్రకారం?

సంపాదకులకు,

రోజూ ఒక ఇంగ్లీషు మాట, ఒక సూక్తి, ‘చరిత్రలో ఈరోజు’ కలిపి పత్రికలు వేసే చిన్న పెట్టెను బడిపిల్లలు ప్రార్థనవేళ పైకి చదువుతారు. అందులో తప్పు దొర్లితే బడంతా అదే నేర్చుకుంటుంది.

ఎక్కువ చిక్కు తేదీలతోనే. ఏప్రిల్ 23 వస్తే చాలు, 1616లో ఇంగ్లండ్ నాటకకర్త షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఒకే రోజు కన్నుమూశారని రాస్తారు. తేదీ ఒకటే గానీ రోజు ఒకటి కాదు. స్పెయిన్ 1582లోనే, ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండరుకు మారింది. ఇంగ్లండ్ 1752 దాకా అంతకు ముందున్న పాత జూలియన్ క్యాలెండరునే వాడింది. షేక్‌స్పియర్ పోయిన రోజు స్పెయిన్ లెక్కలో మే 3. పైగా సెర్వాంటెస్ మరణించింది 22న, ఖననం 23న అని పరిశోధకుల మాట. రష్యా 1918లో గానీ మారలేదు. 1917లో అక్కడ జరిగిన అక్టోబర్ విప్లవం కొత్త లెక్కలో నవంబర్ 7న రావడం అందుకే. పాత తేదీకి 17వ శతాబ్దంలోనైతే 10 రోజులు, 18లో 11, 19లో 12, 20లో 13 కలపాలి. 1700, 1800, 1900 జూలియన్‌లో లీపు సంవత్సరాలు, గ్రెగోరియన్‌లో కావు; ఒక్కో రోజు పెరిగింది అక్కడే. ఇంగ్లండ్‌లో 1752కు ముందు కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది కాబట్టి, జనవరి నుంచి మార్చి 24 వరకు తేదీలకు సంవత్సరం కూడా సరిచూడాలి.

మన తేదీలూ తారుమారవుతుంటాయి. ‘భాషా ప్రాతిపదికన తొలి రాష్ట్రం’ అన్న మాట 1956 నవంబర్ 1కి తగిలిస్తారు. అది కర్నూలు రాజధానిగా 1953 అక్టోబర్ 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానిది.

సూక్తుల సంగతి: ‘లోకంలో కోరుకునే మార్పు నీవే కావాలి’ అన్న వాక్యం గాంధీ రచనల్లో దొరకదు. మనం మారితే లోకం తీరూ మారుతుందన్న భావం 1913లో ఆయన రాసినదాంట్లో ఉంది, అంతే. ఎక్కడిదో, ఏ ఏటిదో తేలని సూక్తిని పేరు లేకుండానే వేయండి. సామెతైతే ఆ బెడదే లేదు.

అరుదైన ఇంగ్లీషు మాటకు బ్యాండికూట్ ఎంచుకోవచ్చు. మన పందికొక్కే ఇంగ్లీషులోకి వెళ్లి అలా అయింది. పలికేటప్పుడు ఒత్తు మొదటి అక్షరం మీద. బొమ్మ విషయంలో మాత్రం జాగ్రత్త: ఆ పేరుతో వెతికితే ముందుగా కనబడేది ఆస్ట్రేలియా జంతువు. దానికీ మన గట్లు తవ్వే ఎలుకకీ చుట్టరికమే లేదు. అది కంగారూలా పొట్టకు సంచి ఉన్న జాతి. తవ్వేటప్పుడు మట్టి పడకుండా ఆ సంచి మూతి వెనక్కి తిరిగి ఉంటుంది.

– ఒక పాఠకుడు, తెనాలి