ఇకపై మీ కారు డోర్ స్టికర్ చూశాకే ట్రెయిలర్ ఇస్తాం

మా కస్టమర్లందరికీ నమస్కారం. డల్లాస్ చుట్టుపక్కల ఇల్లు మారేవాళ్లకు, ఆస్టిన్‌కో హ్యూస్టన్‌కో సామాను తీసుకెళ్లేవాళ్లకు ట్రెయిలర్లు అద్దెకిస్తున్నాం కదా, ఈ నెల నుంచి ఒక పద్ధతి మారుస్తున్నాం: మీ కారు ఎంత బరువు మోయగలదో డోర్ స్టికర్‌లో చూశాకే ట్రెయిలర్ ఇస్తాం. దీనివల్ల కొన్ని బుకింగ్స్ పోతాయి. ఇప్పటికే ఒకరిద్దరు కోపంగా వెళ్లిపోయారు. అయినా తప్పదు.

"మా టొయోటా సియెన్నా వ్యాన్ 3,500 పౌండ్లు లాగుతుందని మాన్యువల్‌లోనే ఉంది, మీకేంటండీ అభ్యంతరం?" అని అడుగుతున్నారు. లాగుతుంది, నిజమే. కానీ ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రెయిలర్ తగిలించడానికి బండి వెనక ఉండే కొక్కెం) మీద, అంటే మీ బండి మీదే పడాలి. 3,000 పౌండ్ల ట్రెయిలర్‌కి కనీసం 300. డ్రైవర్ డోర్ తెరిస్తే టైర్ల ప్రెషర్ రాసిన స్టికర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మించకూడదో అందులోనే ఉంటుంది. అది 1,200 అనుకుందాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కలిపి ఆరుగురు ఎక్కితే సుమారు 900 అయిపోయింది. మిగతా 300 హిచ్‌కే సరి. వెనకాల ఒక్క బియ్యం బస్తా పెట్టినా లెక్క దాటినట్టే.

రావ్‌-ఫోర్ హైబ్రిడ్ కారు 2025 మోడల్ దాకా లాగగలిగేదే 1,750 పౌండ్లు. దానికి పెద్ద ట్రెయిలర్ ఎంత బతిమాలినా ఇవ్వం. సైకిల్ ర్యాక్ కోసం పెట్టించుకున్న హిచ్ చూపించినా ఇవ్వం.

ఇక లోడింగ్. అందరూ ముందు పరుపులు, సోఫాలు ఎక్కించి, చివర్లో వాషింగ్ మెషీన్, పుస్తకాల పెట్టెలు, గ్రైండర్ తలుపు దగ్గర పెడతారు. అక్కడే వస్తుంది ప్రమాదం. వెనక బరువైతే హిచ్ మీద బరువు తగ్గి, హైవే మీద ట్రెయిలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. బరువులో 60 శాతం ముందు సగంలో ఉండాలి. అందుకని బరువైన సామాను ముందే ఎక్కించండి, తాళ్లతో గట్టిగా కట్టండి. ఒకవేళ ఊగినా కంగారుపడి బ్రేక్ తొక్కొద్దు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పొద్దు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. వేగం తగ్గేకొద్దీ ఊపు తగ్గుతుంది. ట్రెయిలర్ టైర్లు చాలావాటికి 65 మైళ్లే పరిమితి. ఐ-35 హైవే మీద పక్కవాళ్లు 75లో పోతున్నా మీరు 60 దాటకండి.

ఇవన్నీ ట్రెయిలర్ ఇచ్చేటప్పుడు దగ్గరుండి చూపిస్తాం. సేఫ్టీ చైన్లు కప్లర్ (ట్రెయిలర్‌ను హిచ్‌కి బిగించే ముందు భాగం) కింద ఒకదాన్నొకటి దాటేలా అడ్డంగా వేసి తగిలించడం మీ చేతే చేయిస్తాం, లైట్లు కలిసి చెక్ చేస్తాం. శనివారం ఉదయాలు కాస్త ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి. అద్దె పెంచడం లేదు. మీ బండికి సరిపోదని తేలితే అడ్వాన్స్ మొత్తం వెనక్కిస్తాం.

బుక్ చేసేటప్పుడే ఆ స్టికర్ ఫొటో, ఎంతమంది ప్రయాణిస్తున్నారో వాట్సాప్‌లో పంపండి. ఏ ట్రెయిలర్ సరిపోతుందో లెక్క వేసి అదే రోజు చెప్తాం.